ఇల్లు చూసే ముందు ఏటి దారి అడగాలి

ఇల్లు వెతికేటప్పుడు మనం అడిగే ప్రశ్నలు ఏ దేశంలోనైనా ఒకటే. బడి ఎంత దూరం? కూరగాయలు ఎక్కడ దొరుకుతాయి? పిల్లలు ఆడుకోవడానికి జాగా ఉందా? మా అక్క కూతురు స్పెయిన్‌లోని వాలెన్సియాకి కాపురం మారుస్తూ, "పిన్నీ, సముద్రం దగ్గర తీసుకోనా, పార్కు దగ్గరా?" అని అడిగింది. ఆ ఊరి చరిత్ర చదివాక, వీటన్నిటికంటే ముందు అడగాల్సింది ఇంకొకటి ఉందనిపించింది: ఇక్కడ ఏరు ఎటు నుంచి ఎటు పోయేది?

మధ్యధరా తీరంలో ఉన్న వాలెన్సియాలో తూరియా నది ఊరి నడుమ నుంచే పారేది. 1957 అక్టోబరు 14న అది రెండుసార్లు పొంగింది. అర్ధరాత్రి దాటాక ఒకసారి, గండం గడిచిందనుకుంటే మధ్యాహ్నం మరోసారి. అధికారిక లెక్కల్లోనే 81 మంది పోయారు. దాంతో ప్రభుత్వం నదినే ఊరి దక్షిణానికి మళ్ళించింది. దానికోసం సుమారు 12 కిలోమీటర్ల కొత్త కాలువ తవ్వారు.

నీళ్ళు పోయాక ఊరి మధ్య మిగిలిన ఏటిగర్భంలో పెద్ద మోటారు రహదారి వేద్దామనుకున్నారు అధికారులు. అది ఫ్రాంకో నియంతృత్వపు చివరి కాలం, నోరెత్తడమే కష్టం. అయినా జనం ఊరుకోలేదు. ఈ ఏటిగర్భం మాది, మాకిది పచ్చగా కావాలని పట్టుబట్టారు. 1976లో రాజు హువాన్ కార్లోస్ ఆ స్థలాన్ని ఊరికే అప్పగించారు. 1980ల నుంచి కొంచెం కొంచెంగా తోట లేచింది.

ఇప్పుడది సుమారు 9 కిలోమీటర్ల పొడవైన తోట. పాత వంతెనలు అలాగే ఉన్నాయి, వాటి కింద నీళ్ళకి బదులు పిల్లల సైకిళ్ళు పోతుంటాయి. 1990లో అక్కడ నేలమీద పడుకున్న గలివర్ బొమ్మ ఒకటి కట్టారు. దాని పొడవు 70 మీటర్లు. పిల్లలు లిల్లీపుట్లలాగా అతని మీదికి ఎక్కి, జుట్టు మీంచీ బట్టల మడతల మీంచీ జారుతారు. తోటకి పక్కనే ఉన్న కంపనార్, ఇంకాస్త ఉత్తరాన ఉన్న బెనిమాక్లెట్ ఒకప్పుడు విడి పల్లెలు. ఊరు పెరిగి వాటిని కలుపుకున్నా, ఆ పాత వీధుల్లో, చర్చి ముందు కూడలిలో పల్లె తీరు ఇంకా పోలేదు. పిల్లలున్న ఇంటికి ఇలాంటి పేటలు నచ్చడంలో వింత లేదు.

కథ ఇక్కడితో అయిపోలేదు. 2024 అక్టోబరు 29న కుండపోత కురిసింది. కొత్త కాలువ తన నీళ్ళని మోసుకుపోయింది, దానికి ఉత్తరాన ఉన్న ఊరు నిలబడింది. కానీ దక్షిణాన పోయో వాగు కట్టలు తెంచుకుంది. పైపోర్తా లాంటి శివారు ఊళ్ళు మునిగాయి. వాలెన్సియా నగరంలోదే అయినా కాలువకి అవతల ఉన్న లా టోర్రే పేట కూడా మునిగింది. ఆ ప్రాంతంలో 200 మందికి పైగా చనిపోయారు. చాలామంది కింది అంతస్తు ఇళ్ళలో, గరాజుల్లో చిక్కుకున్నవాళ్ళే. ఫోన్లకి హెచ్చరిక రాత్రి ఎనిమిది దాటాక వచ్చింది. అప్పటికే ఎన్నో ఇళ్ళలోకి నీళ్ళు చేరిపోయాయి.

వాన రాకడ, ప్రాణం పోకడ ఎవరికీ తెలియవంటారు మన పెద్దలు. నిజమే. కానీ వచ్చిన వాన ఎటు నడుస్తుందో నేలకి గుర్తుంటుంది. వాలెన్సియా పాతవీధుల్లో 1957 నీళ్ళు ఇంతవరకూ వచ్చాయని చెప్పే పలకలు గోడల మీద కనిపిస్తాయి. అక్కడ ఇల్లు చూసుకునేవాళ్ళు అద్దె మాట్లాడే ముందు ఆ పలకలు చూడాలి, పక్కింటి ముసలమ్మని అడగాలి, కింది అంతస్తు చవగ్గా వస్తుంటే ఎందుకో ఆలోచించాలి.

ఒక్క మాట మాత్రం మనసులో ఉండిపోయింది. పిల్లలు ఆడుకునే ఆ తోట ఊరికే రాలేదు. రోడ్డు వద్దని ఒక తరం పట్టుబడితే వచ్చింది. కాలువకి అవతల ఉన్న తల్లులకి కూడా అలాంటి తోట, అంతటి రక్షణ దక్కితే తప్ప ఆ ఊరు పిల్లలకి మంచి ఊరని పూర్తిగా అనలేం.