భూగర్భ నీటితొట్టి: గొయ్యి, నేల తయారీ

ఇంటి ఆవరణలో నేలలోపల కట్టుకొనే నీటితొట్టిని మన ఊళ్లలో సంపు అంటారు. కుళాయినీరు రోజు విడిచి రోజు వచ్చే చోట్లనూ, బోరునీటిలో ఫ్లోరైడు ఎక్కువై వాననీటిని నిలువచేసుకోవలసిన పావగడ వంటి తాలూకాలలోనూ కుటుంబానికి ఇదే ఆధారం. సంపు పగిలితే నీరు పోవడమే కాదు, తొట్టి ఖాళీ అయిన వేళ చుట్టుపక్కల మురుగు లోపలికి ఊరుతుంది. కట్టుబడి ఎంత బాగున్నా, కింది నేల కుంగినా పొంగినా తొట్టి నిలవదు.

స్థలం

సంపు ఈశాన్యంలో ఉండాలని మనవారు కోరుకుంటారు. అయితే ఆ మూలకు దగ్గరలో పొరుగింటి సెప్టిక్ ట్యాంకు గాని, ఇంకుడు గుంత గాని ఉన్నదేమో ముందుగా విచారించాలి. ఉంటే తూర్పుకో ఉత్తరానికో జరపడం మేలు. మరుగుదొడ్డి గుంతకు వీలైనంత దూరంగా, ఎగువన సంపు ఉండాలి. ఇంటి పునాది అడుగుకంటె గొయ్యి ఎన్ని అడుగులు లోతుకు దిగుతుందో, పునాదికి కనీసం అన్ని అడుగుల ఎడం విడవాలి. రావి, మర్రి, వేప వేళ్లు గోడలను చీలుస్తాయి గనుక ఆ చెట్ల చెంత తవ్వరాదు.

కొలతలు

లోపల 6 అడుగుల పొడవు, 6 అడుగుల వెడల్పు, 5 అడుగుల నీటిలోతు గల తొట్టిలో సుమారు 5,100 లీటర్లు పడతాయి. మనిషికి రోజుకు 55 లీటర్ల చొప్పున ఐదుగురికి అది 18 రోజులకు సరిపోతుంది. దీనికి 9 అంగుళాల గోడలను, బయట పూతపని చేయడానికి చుట్టూ అడుగు చోటును కలిపి గొయ్యిని తొమ్మిదిన్నర అడుగుల చదరంగా, దాదాపు ఆరున్నర అడుగుల లోతున తవ్వాలి. ముగ్గుపొడితో గీతలు గీసి, రెండు కర్ణాలు సమానంగా ఉన్నాయని చూసుకొన్న తరువాతనే పార పట్టాలి. పైకప్పు నేలకంటె అర అడుగు ఎత్తున ఉంటే వాననీరు లోపలికి జారదు.

తవ్వకం

వేసవి ఇందుకు అనువైన కాలం. 5 అడుగులు దాటిన గోతికి పక్కలను మెట్లుగా కోయాలి, లేదా పలకలతో ఆపు పెట్టాలి. నిట్టనిలువు మట్టిగోడ హఠాత్తుగా కూలి లోపలి మనిషిని కప్పివేయగలదు. తవ్విన మట్టిని అంచుకు 5 అడుగుల దూరంలో పోయాలి. పిల్లలు, పశువులు పడకుండా చుట్టూ కంచె వేయాలి.

నేలను బట్టి జాగ్రత్తలు

హోసూరు, పావగడ ప్రాంతాల ఎర్రనేలలో గట్టి మొరం తగిలితే అదే మంచి ఆధారం. అడుగు సగం రాయి, సగం మట్టి అయితే తొట్టి ఒకవైపు కుంగుతుంది. రాతిని కొంత లోతుకు కొట్టి, అంతటా ఒకే పొర పరవాలి.

బళ్లారి, రాయచూరు, నాందేడ్ జిల్లాల నల్లరేగడి తడికి ఉబ్బి, ఎండకు బీటలు వారుతుంది. అక్కడ అడుగున మరి 2, 3 అడుగుల రేగడిని తీసివేసి మొరంతో నింపాలి. గోడల వెలుపలి సందును కూడా రేగడితో కాక మొరంతోనే పూడ్చాలి.

గౌతమీ తీరాన ఉన్న యానాంలోను, పర్లాకిమిడి పరిసరాల పల్లపు పొలాల చెంతను వానాకాలంలో భూజలం పైకి వస్తుంది. 5,000 లీటర్ల ప్లాస్టిక్ తొట్టి ఖాళీగా ఉండి పూర్తిగా ఆ నీటిలో మునిగితే, దానిని పైకి నెట్టే బలం 5 టన్నులు. అందువల్ల అటువంటి చోట కాంక్రీటు అడుగుపలకకు తొట్టిని బిగించాలి. వానాకాలంలో పూర్తిగా ఖాళీ చేయరాదు.

అడుగు సిద్ధపరచడం

వదులుమట్టిని, వేళ్లను తీసివేసి, మొరాన్ని 6 అంగుళాల పొరలుగా పోసి, తడిపి, దిమ్మిసతో గట్టిపరచాలి. ఎక్కువ లోతు తవ్విన చోటును వదులుమట్టితో పూడ్చరాదు. రసమట్టంతో సమం చూసి, 4 అంగుళాల కంకర కాంక్రీటు పరచాలి. వాన కురిసి గోతిలో నీరు నిలిస్తే, ఆ నీటిని తోడి, మెత్తబడిన బురదను పూర్తిగా ఎత్తివేసిన తరువాతనే పని కొనసాగించాలి. ఈ అడుగు కాంక్రీటుతో కప్పబడక ముందే ఇంటివారు గోతిలో దిగి, మేస్త్రీతో కలిసి స్వయంగా పరిశీలించుకోవడం అవసరం. ఆ తరువాత లోపం ఉన్నా కంటికి కనిపించదు.