పుట్టి, దోనె, తెప్ప: లోతులేని నీళ్లలో చేపలవేట చరిత్ర

మహారాష్ట్రలోని నాందేడ్ జిల్లాకు తూర్పు కొసన, మంజీరా నదికి దగ్గరగా ఉన్న బిలోలి తాలూకాలో మరాఠీతో పాటు తెలుగు కూడా ఇంటి భాషగా నిలిచి ఉండటానికి ప్రధాన కారణం అక్కడ రాష్ట్రాల సరిహద్దు చాలా ఆలస్యంగా రావడమే. 1948 వరకు నిజాం ఏలుబడిలోనూ, ఆపైన హైదరాబాద్ రాష్ట్రంలోనూ ఒకే పరిపాలన కింద ఉన్న మంజీరా రెండు గట్లు 1956 నవంబరు 1న రెండు రాష్ట్రాలకు చెందిపోయాయి. బోధన్ నుంచి బిలోలికి పోయే దారిలో ఇవతల సాలూర, అవతల యెస్గి ఉండగా, వాటి నడుమ పారే మంజీరా మరికొంత దూరం ఉత్తరంగా సాగి కందకుర్తి దగ్గర గోదావరిలో కలుస్తుంది. బీడ్ జిల్లాలోని బాలాఘాట్ కొండల్లో పుట్టి సుమారు 724 కిలోమీటర్లు ప్రయాణించే ఈ నది వానకాలంలో ఉరకలు వేసినా, ఏడాదిలో ఎక్కువకాలం మోకాటి లోతు నీటితో, ఇసుక తిన్నెలతో, అక్కడక్కడా నిలిచిన మడుగులతోనే కనిపిస్తుంది. ఇక్కడి చేపలవేట చరిత్రను ఈ లోతు తక్కువతనం నుంచే మొదలుపెట్టవలసి ఉంటుంది.

నడిచి దాటగల నదిలో వేటకు పడవ తప్పనిసరి కాదు. నడుములోతు నీటిలో నిలబడి విసురువల వేయడం, బురద మడుగుల్లో ఊతతో, అంటే అడుగూ పైభాగమూ తెరిచి ఉన్న వెదురుబుట్టను చేపపై బోర్లించి పైనుంచి చేయి దూర్చి పట్టుకోవడం, వాలుగ వంటి పెద్ద చేపలకు గాలం వేయడం ఈ ప్రాంతపు నదులకూ చెరువులకూ సహజమైన పద్ధతులు. తెలంగాణ గట్టున బెస్తలు, గంగపుత్రులు, ముదిరాజులు, మరాఠీ గట్టున భోయీలు ఈ వృత్తిలో ఉన్నారు. సయ్యద్ సిరాజ్ ఉల్ హసన్ 1920లో ప్రచురించిన నిజాం రాజ్యపు కులాల గ్రంథం భోయీలకు చేపలవేటతో పాటు పల్లకీ మోతను కూడా వృత్తిగా చెబుతుంది. వేసవిలో నది ఎండినప్పుడు పల్లకీ, వరద వచ్చినప్పుడు రేవు, మధ్యకాలంలో వల అన్నట్టుగా ఆ వృత్తులు ఒకే చేతుల్లో కలిసి ఉండటం ఎండిపోయే నదుల పక్కన బతికినవారి విషయంలో వింతగా తోచదు.

పడవ అవసరమైన చోట దక్కను నదులు ఎంచుకున్నది పుట్టి. వెదురుబద్దలను అల్లి గుండ్రని తట్టలాగా చేసి, దానికి వెలుపలివైపు తోలు కప్పిన ఈ వాహనాన్ని 1520 ప్రాంతంలో విజయనగరానికి వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ తుంగభద్రపై ఆనెగొంది రేవులో చూసి, వాటిలో పదిహేను ఇరవైమంది మనుషులే కాక అవసరమైతే గుర్రాలూ ఎద్దులూ దాటగలవని రాశాడు. పదిహేడో శతాబ్దంలో గోల్కొండ వజ్రాల కోసం వచ్చిన టావెర్నియే కూడా కృష్ణపై ఎద్దుతోలు కప్పిన ఇటువంటి తట్టలనే వర్ణించాడు. మద్రాసు ప్రభుత్వంలో మత్స్యశాఖ డైరెక్టరుగా పనిచేసిన జేమ్స్ హార్నెల్ ఇరవయ్యో శతాబ్దపు తొలి దశాబ్దాల్లో భారతీయ పడవల రూపాలను వర్గీకరించినప్పుడు పుట్టిని ప్రత్యేక జాతిగా పరిగణించాడు. దీనికి ముందూ వెనుకా లేవు, వెన్నుకర్ర లేదు. ఒక మనిషి అంచున కూర్చుని తెడ్డును తనవైపు లాగుకుంటూ పోతే పుట్టి కాస్త తిరుగుతూ కాస్త ముందుకు సాగుతుంది, బండరాయి తగిలితే పగలక పక్కకు జారుతుంది, నీరు చాలకపోతే దాన్ని బోర్లించి నెత్తిమీద పెట్టుకుని తరువాతి మడుగు దాకా నడిచిపోవచ్చు. తోలు స్థానంలో తారు పూసిన గుడ్డ, తరువాత ప్లాస్టిక్ పట్టా, ఇటీవల ఫైబర్ వచ్చినా ఆకారం మాత్రం మారలేదు.

ప్రపంచం మరో కొసన ఆర్కిటిక్ తీరంలో ఇన్యూట్ జాతులవారు చేసుకున్న కయాక్ కూడా నిర్మాణరీత్యా పుట్టికి దూరపు చుట్టమే. అక్కడ వెదురు లేదు కనుక కొట్టుకొచ్చిన కర్రలతోనో ఎముకలతోనో చట్రం కట్టి, ఎద్దుతోలుకు బదులు సీల్ తోలు తొడిగారు. సీల్‌ను చప్పుడు లేకుండా సమీపించవలసిన వేటగాడికి సన్నని పొడవాటి ఆకారం కావలసి వచ్చింది, బరువునూ పశువునూ దాటించవలసిన రేవుకు గుండ్రనిది కావలసి వచ్చింది. ఆ కయాకే ప్లాస్టిక్ రూపం ధరించి నేడు అమెరికాలోని గల్ఫ్ తీరపు లోతులేని ఉప్పుకయ్యల్లో రెడ్‌ఫిష్ వేటకు వినోదసాధనమైంది. అడుగు రెండడుగుల నీటిలో పీతల కోసం తల వంచి మేస్తున్నప్పుడు ఈ చేప తోక నీటిపైకి తేలుతుంది కనుక, ఇంజను పడవ రాలేని, వచ్చినా చేపను బెదరగొట్టే ఆ చోటికి తెడ్డు పడవే తగినది. రెడ్‌ఫిష్ తెలుగువారికి పరాయిది కాదు. ఉప్పాడ, అంతర్వేది తీరాల్లో ఒక్కటి దొరికినా వార్తగా మారే కచిడి చేపదీ ఆ కుటుంబమే. ఆ కుటుంబంలోని చాలా చేపలు గాలితిత్తిని కదిలించి డప్పు వంటి చప్పుడు చేస్తాయి, కచిడి ధర పలికేదీ ఆ గాలితిత్తి వల్లనే. న్యూ ఆర్లీన్స్ వంటగాడు పాల్ ప్రూడోమ్ 1980ల్లో ప్రచారంలోకి తెచ్చిన మాడ్చిన రెడ్‌ఫిష్ వంటకానికి గిరాకీ పెరిగి చేప తరిగిపోవడంతో, అక్కడి కేంద్ర ప్రభుత్వం తన అధీనంలోని సముద్రజలాల్లో దాని వేటను ఆపివేసింది. దాని రక్షణ కోసం 2007లో అధ్యక్షుడి ఉత్తర్వు కూడా వెలువడింది.

తెలుగు నేల మీద కయాక్‌కు నిజమైన సాటి పుట్టి కాదు, తాటిదోనె. కృష్ణా గోదావరి డెల్టాల నడుమ కొల్లేటి సరస్సులోనూ, దాన్ని సముద్రంతో కలిపే ఉప్పుటేరు పరిసరాల్లోనూ వాడిన ఈ దోనెకు ముడిసరుకు ఒకే ఒక ముదురు తాడిచెట్టు. తాటిమానులో వెలుపలి భాగం ఇనుమువలె గట్టిపడగా లోపలి భాగం మెత్తని బెండుగా ఉంటుంది కనుక దాన్ని తొలవడానికి పెద్ద పనిముట్లు అక్కరలేదు. వేళ్ల దగ్గర ఉబ్బి ఉన్న మొదలు భాగాన్ని ముందువైపుకు ఉంచుకుంటే సహజంగానే అణియం, అంటే పడవ ముందుకొస, ఏర్పడుతుంది, తెరిచి ఉండే రెండో కొసను బంకమట్టితో మెత్తి మూస్తారు. ఒక మనిషి గడకర్రతో అడుగునేలను నెట్టుకుంటూ తుంగ మధ్యగా, తామరాకుల మధ్యగా పోగలడు. ఒరిగిపోయే స్వభావం దీని లోపం. కొత్తవాడు ఎక్కితే బోల్తాపడక తప్పదు, అందుకే బరువు వేయవలసి వచ్చినప్పుడు రెండు దోనెలను పక్కపక్కన కట్టి సంగడి చేసేవారు. ఏకాండపు మానులను జతకట్టిన పెద్ద ఓడలు తూర్పు తీరంలో ఉన్నాయని మొదటి శతాబ్దపు గ్రీకు నావికగ్రంథం పెరిప్లస్ చెప్పడాన్ని బట్టి జతకట్టే ఆలోచన ఎంత పాతదో ఊహించవచ్చు. అలలు విరిగే సముద్రపుటొడ్డున దోనె నిలవదు గనుక అక్కడ తేలికకర్ర దుంగలను తాళ్లతో బిగించిన తెప్ప వచ్చింది. నీరు పైకి ఎక్కినా సందుల్లోంచి దిగిపోతుంది, ఒడ్డు చేరాక కట్లు విప్పి ఆరబెట్టుకోవచ్చు. 1979లో మద్రాసు కేంద్రంగా మొదలైన బే ఆఫ్ బెంగాల్ ప్రోగ్రామ్ వంటి ప్రయత్నాల తరువాత ఫైబర్ పడవలు తెప్పల చోటును క్రమంగా ఆక్రమించాయి.

అయితే లోపలి నీళ్లలో ఈ చిన్న వాహనాల గతిని మార్చింది ఇంజను కన్నా ఆనకట్టేనని చెప్పాలి. ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్ ఆధ్వర్యంలో 1923లో మొదలై 1931లో పూర్తయిన నిజాంసాగర్ మంజీరాను అచ్చంపేట దగ్గర ఆపింది. 1963 జులై 26న నెహ్రూ గోదావరిపై శంకుస్థాపన చేసిన పోచంపాడు ప్రాజెక్టు, తొలి అంచనాలో 112 టీఎంసీల శ్రీరాంసాగర్‌గా నిండి, కందకుర్తి సంగమం దాకా వెనుకనీటిని నెట్టి, అక్కడి నదిలోని శివాలయాన్ని వానకాలంలో ముంచుతోంది. ఎగువన నీరు నిలిచినందున బిలోలి వైపు మంజీరా మరింత చిక్కిపోగా, దిగువన ఊతకు అందని లోతు ఏర్పడింది. నదిచేప ఎదురీది పైకి పోయి గుడ్లు పెట్టే దారి మూసుకుపోయింది. 1957లో కటక్‌లో మత్స్యశాస్త్రజ్ఞులు హీరాలాల్ చౌధురి, ఆలికున్హి హార్మోను సూదితో రోహు వంటి చేపల చేత గుడ్లు పెట్టించడంలో సాధించిన విజయం వల్ల జలాశయాల్లో చేపపిల్లలను వదిలే పద్ధతి విస్తరించింది. చేప నది ఇచ్చేది కాక సంఘం వదిలేది కావడంతో దానిపై హక్కు కూడా గట్టు మీది కులం నుంచి కాగితం మీది సహకార సంఘానికి మారింది. సంఘం, లైసెన్సు, లీజు అన్నీ రాష్ట్రం పేరుతో ఉంటాయి గనుక నది మధ్య గీత 1956లో పడినా దాని బరువు వేటగాళ్లకు ఆ తరువాతి దశాబ్దాల్లోనే తెలిసివచ్చింది. నూలువల పోయి నైలాన్ వల వచ్చింది. నిజాంసాగర్, శ్రీరాంసాగర్ జలాశయాల్లో ఒంటరి వేటగాడి వాహనం ఇప్పుడు థర్మాకోల్ తెప్ప. థర్మాకోల్ దిమ్మలను పట్టాలోనో సంచిలోనో చుట్టి తాడుతో బిగించి, దానిపై కూర్చుని రెండు చేతులతో తెడ్లు వేసుకుంటూ వల దగ్గరికి పోయే ఆ మనిషి, తెలియకుండానే కయాక్‌ను మళ్లీ కనిపెట్టాడని అనవచ్చు. పట్టు కోల్పోతే రక్షణ లేకపోవడం మాత్రం ఈ వాహనపు పెద్ద దోషం.

కొల్లేటిలో జరిగింది దీనికి తలకిందులు. లోతులేని చిత్తడిని గట్లు వేసి చెరువులుగా మార్చడంతో దోనె తిరిగే నీరే ముక్కలైంది. 1999లో ఐదో కాంటూరు, అంటే సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తు గీత, వరకు అభయారణ్యంగా ప్రకటించడం, 2002లో అంతర్జాతీయ చిత్తడినేలల రామ్‌సర్ జాబితాలో చేర్చడం, 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరిట చెరువుగట్లను పేల్చివేయడం వరుసగా జరిగినా, వలస పక్షులకు దొరికిన శ్రద్ధ అక్కడి వడ్డీ కులస్తుల సంప్రదాయ వేటకు దొరకలేదనే చెప్పాలి. దక్షిణాన పులికాట్ సరస్సులో పాడు అనే కట్టుబాటు ఉంది. మంచి వేటచోట్లను ఊరి కుటుంబాలు వంతులవారీగా పంచుకోవడమే పాడు. లోతులేని నీటిలో చేప ఎక్కడ చేరుతుందో అందరికీ తెలుసు గనుక నైపుణ్యం కన్నా వంతే తగవులను ఆపగలదని ఆ ఊళ్ల పెద్దలు గ్రహించారు.

బిలోలికి పొరుగున ఉన్న ధర్మాబాద్ తాలూకాలో గోదావరిపై మహారాష్ట్ర కట్టిన 2.74 టీఎంసీల బాబ్లీ బరాజుపై సుప్రీంకోర్టు 2013 ఫిబ్రవరి 28న ఇచ్చిన తీర్పు ప్రకారం జులై 1 నుంచి అక్టోబరు 28 వరకు గేట్లు తెరిచి ఉంచాలి, మార్చి 1న 0.6 టీఎంసీ నీటిని కిందికి వదలాలి. రెండు రాష్ట్రాల సాగునీటి వాటాను తేల్చడానికి పెట్టిన ఈ తేదీలు, ఎవరూ ఉద్దేశించకపోయినా, వానకాలపు వరదకు ఎదురీది గుడ్లు పెట్టే చేపల రుతువును దాదాపుగా కప్పుతున్నాయి. మంజీరా మీద అటువంటి క్యాలెండరు లేదు. యెస్గి, సగ్రోళి ప్రాంతాల్లో ఇసుక తవ్వకాల వల్ల నది అడుగు తీరు మారుతుండగా, వేసవిలో చేప దాగే పాత మడుగులు ఒకచోట పూడి, మరోచోట మనిషి కాలికి అందని గుంతలవుతున్నాయి.