శ్రీకాకుళ పురపాలనము: ఏటి లెక్కయు, రాబోవు ఏటి పద్దును

ఉగాదినాడు దేవాలయ మండపమున పంచాంగ శ్రవణము జరుగునప్పుడు జనులు చెవులు రిక్కించి వినునది ఆదాయ వ్యయముల భాగము. తన రాశికి ఆదాయము రెండు, వ్యయము పదునాలుగు అని సిద్ధాంతిగారు చదివినచో వినువాని ముఖము వాడును, మరునాటికి మరచిపోవును. ఇంచుమించు అదే ఋతువున ప్రతి పట్టణమునకును మఱియొక పంచాంగము సిద్ధమగుచున్నది. అందును ఆదాయ వ్యయములే కలవు. గడచిన ఏట ఏమి వచ్చినది, ఏమి ఖర్చయినది, రాబోవు ఏట ఏ వీధికి నీటి గొట్టము వేయుదురు, ఏ మురుగు కాలువను బాగుచేయుదురు అను సంగతులు అందు వ్రాయబడి యుండును. గ్రహముల నడకతో దానికి పనిలేదు. అందలి అంకెలు మనుష్యులు వేసినవి, మనుష్యులు దిద్దగలవి. అయినను దానిని వినువారు అరుదు. శ్రీకాకుళ పట్టణ చరిత్రను ఈ రెండవ పంచాంగము వెంట నడచి చూచినచో, రాజుల కథలలో కనబడని సంగతులు కొన్ని కనబడును.

ఏటికొకసారి లెక్క చెప్పు ఆచారము ఆంగ్లేయులతో వచ్చినదని పలువురు తలంచుచున్నారు. అది నిజము కాదు. కౌటిల్యుని అర్థశాస్త్రము మూడువందల ఏబదినాలుగు అహోరాత్రములను ఒక కర్మసంవత్సరముగా నిర్ణయించి, ఆషాఢ పూర్ణిమతో దానిని ముగించినది. ఆ సమయమునకు లెక్కలు వ్రాయువారందఱు ముద్రలు వేసిన పుస్తకములతో రాజధానికి రావలెను. లెక్క యొప్పగించువఱకు ఒకరితో నొకరు మాటలాడరాదు. ఈ కడపటి నియమమును చూచినచో ఆ కాలపు గణకులును ఈ కాలపు గణకులును ఒకే కుదురువారని తోచక మానదు. మహాభారతమున సభాపర్వమందు నారదుడు ధర్మరాజును అడిగిన ప్రశ్నలలో, గణకులును లేఖకులును ప్రతిదినము పూర్వాహ్ణమున ఆదాయ వ్యయములను నీకు నివేదించుచున్నారా యనునది యొకటి. రాజ్యమున చెరువులు నిండియున్నవా, సేద్యము వాననే నమ్ముకొని యుండలేదు గదా యనునది మఱియొకటి. మొదటి ప్రశ్న గడచినదానిని గూర్చినది. రెండవది రాబోవుదానిని గూర్చినది. నారదుడు రెంటిని ఒక్క సభలోనే, ఒక్కని ముందే అడిగినాడు.

పల్లెలలో ఈ పనిని జమాబందీ చేసెడిది. ఫసలీ సంవత్సరము జూలై 1వ తేదీన ఆరంభమగును. అది ఆషాఢమాసమునకు దగ్గఱగా వచ్చుట గమనింపదగినది. పంట చేతికి వచ్చి, అమ్ముడుపోయి, శిస్తు కట్టిన పిమ్మటనే గదా ఏడు ముగిసినట్లు! జమాబందీనాడు గ్రామ కరణము అడంగలును, తక్కిన దస్త్రములను మూటగట్టి అధికారి మకామునకు చేర్చెడివాడు. అధికారి పద్దు పద్దును తనిఖీ చేసి సంతకము చేయువఱకు ఆ యేడు ముగిసినట్లు కాదు. శిస్తు ఎక్కువ పడినదని, పంట పోయినను రెమిషను రాలేదని రైతు అచటనే మనవి చేసికొనవచ్చును. కరణము, మునసబు పదవులు 1984 జనవరిలో రద్దయినవి. ఆ వ్యవస్థలో లోపములు లేకపోలేదు; కరణములను గూర్చి లోకమున గల సామెతలన్నియు ఊరక పుట్టినవి కావు. కాని పైకము ఇచ్చినవాని యెదుట లెక్క ముగియుట యను ఒక్క గుణము దానియందు కలదు. పట్టణములకు ఆ గుణము ఎంతవఱకు అబ్బినదో శ్రీకాకుళము చెప్పగలదు.

నాగావళి యొడ్డున నున్న ఈ యూరు ఆంగ్లేయుల నోట చికాకోలు అయినది. గోల్కొండ కుతుబ్‌షాహీల కాలమున ఇది అధికార స్థానము. 1641లో షేర్ మహమ్మద్ ఖాన్ కట్టించిన జామియా మసీదు నేటికిని నిలిచియున్నది. పిమ్మట ఆర్కాటు నవాబైన అన్వరుద్దీన్ అంతకు ముందు ఇచట ఫౌజుదారుగా నుండెను. 1766లో ఉత్తర సర్కారులు కుంఫిణీవారి వశమైనవి. చికాకోలు మస్లిను బట్ట దేశాంతరముల పేరు పొందినది. ఆ పరిశ్రమ పందొమ్మిదవ శతాబ్ది గడచునప్పటికి క్షీణించినది. 1901 జనాభా లెక్కలలో పట్టణపు జనసంఖ్య 18,196.

ఇట్టి పాత యూరికి 1856లో పురపాలక సంఘము ఏర్పడినది. ఆంధ్రదేశమున ఇంతకన్న పాతవానిని వెదకుట కష్టము. భీమునిపట్టణమునకు 1861లోను, విజయనగరమునకు 1888లోను ఆ యోగము పట్టినది. 1850 నాటి చట్టమున నొక విశేషము కలదు: పురవాసులు కోరినచోటనే అది అమలు జరుగవలెను. తమమీద తామే పన్ను వేసికొనుడని జనులను అడిగిన చట్టమది. అట్టి కోరిక కోరువారెవరు? అందుచేత 1865లో వేఱొక చట్టము వచ్చినది. పిమ్మట 1871 నాటి చట్టముతో పాఠశాలలు, ఆసుపత్రులు, పారిశుద్ధ్యము పట్టణపు పద్దులోనికి దిగినవి. 1882లో రిప్పన్ ప్రభువు స్థానిక స్వపరిపాలనమును గూర్చి తీర్మానము చేయగా, 1884 నాటి చట్టముతో మదరాసు రాజధానిలోని పురపాలక సంఘములలో ఎన్నికైన సభ్యులకు చోటు హెచ్చినది. అటుపై 1920 నాటి చట్టము, స్వాతంత్ర్యానంతరము ఆంధ్రప్రదేశ్ పురపాలక సంఘముల చట్టము, 1965. చట్టము మాఱినప్పుడెల్ల పద్దులు పెరిగినవి. పద్దు పెరిగినంత వేగముగ రాబడి పెరిగినదని చెప్పుటకు వీలులేదు.

ఏటి పద్దును తలక్రిందులు చేయునది ఈ పట్టణమున నాగావళియే. ఆ నది ఒడిశా కొండలలో పుట్టి వచ్చుచున్నది. అచట కురిసిన వానకు ఇచట లెక్క చెప్పుకొనవలెను. 1791లో కఱవు వచ్చి ఊరు దాదాపు నిర్జనమైనది. 1866లో మరల ఘోరమైన కఱవు. పదియేండ్లకు, 1876లో, వరద వచ్చి పట్టణములో కొంత భాగమును పాడుచేసి, నదిమీది వంతెనలో ఆఱు కమానులను కొట్టుకొనిపోయినది. ఆఱు కమానులు పోవుట యనగా ఒక్క కట్టడము పోవుట కాదు. బండ్లు ఆగును, సంత ఆగును, సంత ఆగినచో ఆశీలు ఆగును, ఆశీలు ఆగినచో వీధి దీపమునకు నూనె యుండదు. వరద ఖర్చును పెంచుటతో విడువదు. రాబడిని కూడ వెంటబెట్టుకొని పోవును. గృహస్థు చెడు కాలమునకై గాదెలో కొంత ధాన్యము మిగుల్చును. పట్టణములు మిగుల్చుట తక్కువ. మిగిలినచో అది పై యేటి గ్రాంటునకు అడ్డువచ్చునను భయమొకటి కలదు గనుక, మార్చి నెలలో రోడ్లు త్రవ్వుట ఎల్లయెడల చూచుచున్నదే. ఇటీవలి కాలమున 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ తుపానులు ఈ జిల్లాను బాధించినప్పుడు కూడ ఏటి మధ్యలోనే పద్దు మాఱినది. ఆ రెండును అక్టోబరులోనే వచ్చుట చూడుడు: ఏప్రిలులో మొదలైన ఏడు సగము గడచి, పనులు సాగుచున్న సమయమది.

పొరుగున నున్న విజయనగరముతో పోల్చినప్పుడు శ్రీకాకుళపు సంగతి మఱింత తేటపడును. 1713లో కోట కట్టిన నాటినుండి విజయనగరము రాజుల ఊరు. కళాశాల కావలెనన్న మహారాజు తలంచెను, 1879లో వచ్చెను. 1919లో సంగీత కళాశాల వెలసెను. ఆదిభట్ల నారాయణదాసుగారు దానికి అధ్యక్షులైరి. అచట రాబోవు ఏటి ఏర్పాటు రాజుగారి మనస్సులో నుండెడిది. అది గొప్పగా నుండుటయు కలదు, అర్ధాంతరముగా నిలిచిపోవుటయు కలదు. ఎట్లైనను దానిని గూర్చి ప్రశ్నించుటకు పౌరునకు హక్కు లేదు. శ్రీకాకుళమునకు రాజు లేడు. ఫౌజుదారులు పోయిరి, కలెక్టర్లు వచ్చి మాఱిరి. ఊరికి మిగిలినది ఇంటి పన్ను, నీటి పన్ను, అంగళ్ల అద్దెలు, ప్రభుత్వపు గ్రాంటు. ఇది పేదతనమే. కాని రాజు దానమును ప్రశ్నింపలేని నోరు, తాను కట్టిన పన్నును గూర్చి ప్రశ్నింపగలదు. శ్రీకాకుళపు అదృష్టము ఏదైన నున్నచో అది అదియే.

రైలు ఆమదాలవలస మీదుగా పోయినది, పట్టణమునకు రాలేదు. గంజాము జిల్లాలో నుండిన ఈ ప్రాంతము 1936లో ఒరిస్సా రాష్ట్రము ఏర్పడినప్పుడు విశాఖపట్టణము జిల్లాలో చేరినది. 1950 ఆగస్టు 15న శ్రీకాకుళము జిల్లా వేఱై, ఊరు జిల్లా కేంద్రమైనది. నాటినుండి కచేరీలు, కచేరీలను నమ్ముకొని వకీళ్లు, వకీళ్లను నమ్ముకొని భోజన హోటళ్లు పెరిగినవి. 1979లో విజయనగరము జిల్లాయు, 2022లో పార్వతీపురము మన్యము జిల్లాయు ఏర్పడి శ్రీకాకుళము జిల్లా చిన్నదైనను, పట్టణము చిన్నది కాలేదు. 2011 లెక్కలకు జనసంఖ్య లక్షా పాతికవేలు దాటినది. 2008లో పట్టణమున వైద్య కళాశాలయు, చేరువనున్న ఎచ్చెర్లలో విశ్వవిద్యాలయమును వచ్చినవి. ఇవి ఊరికి వెలుగు, సందేహము లేదు. అయితే కట్టడము ప్రభుత్వపు పద్దులో నుండును. అచటికి వచ్చిపోవువారు నడచు వీధి, త్రాగు నీరు, విడిచిన చెత్త పట్టణపు పద్దులో నుండును. జిల్లా కేంద్రపు అభివృద్ధి వేఱు, పురపాలక సంఘపు అభివృద్ధి వేఱు. ఈ రెంటిని కలిపి చదివినచో ప్రతి యేడును బ్రహ్మాండముగా జరిగినట్లే యుండును.

ఇక చెప్పక తప్పని మాట యొకటి కలదు. 1856 నాటి సంఘము 2015 డిసెంబరులో నగరపాలక సంస్థయైనది. పేరు పెద్దదైన ఆ కాలమున ఎన్నికైన సభ లేదు. 2010లో పాలకవర్గపు గడువు తీఱిన పిమ్మట అధికారులే ప్రత్యేకాధికారులై పాలన జరిపిరి. చుట్టుప్రక్కల గ్రామముల విలీనమును గూర్చిన తగవులు న్యాయస్థానమున కెక్కినవి. 2014లో రాష్ట్రమందలి పురపాలక సంఘములకు ఎన్నికలు జరిగినప్పుడు శ్రీకాకుళమునకు జరుగలేదు. 2021 మార్చిలో విజయనగరము నగరపాలక సంస్థకు తొలి సభ ఎన్నికైనది. శ్రీకాకుళమునకు అప్పుడును కాలేదు. రాజు లేని ఊరికి సభ యుండవలసినది గదా! రాజుల ఊరికి సభ కుదిరి, రాజు లేని ఊరు దానికై వేచియున్నది. ఆ యేండ్లన్నిట బడ్జెట్లు తయారైనవి, ఆమోదము పొందినవి, అమలును జరిగినవి. అధికారులు సమర్థులు కారనుట ఇచట ఉద్దేశము కాదు. వారిలో కష్టించి పనిచేసినవారు కలరు. కాని మా వీధికి గత ఏట వ్రాసిన కాలువ ఏమైనదని లేచి అడుగు వార్డు సభ్యుడు లేనప్పుడు, వ్రాసినవాడును ఆమోదించినవాడును తనిఖీ చేసినవాడును కచేరీ లోపలివారే యగుదురు. జమాబందీకి రైతు రాని ఊరివలె నుండును.

ఇందు పల్లెవారికి పట్టింపు లేదనుకొనరాదు. పట్టణములో కలిసిన గ్రామమునకు వీధి దీపములు రావచ్చును. ఇంటి పన్నును పెరుగవచ్చును. వీనిని గూర్చి అందఱు మాటలాడుదురు. కలిసినవెంటనే పోవునది గ్రామసభ. దానిని గూర్చి మాటలాడువారు తక్కువ. 1994 నాటి పంచాయతీరాజ్ చట్టము ప్రకారము పంచాయతీ తన లెక్కలను, రాబోవు ఏటి పనులను గ్రామసభ ముందుంచవలెను. వచ్చినవారు పదిమందియే కావచ్చును, అందు ముగ్గురు నిద్రించుచుండవచ్చును. అయినను నాలుగవవాడు లేచి అడుగుటకు చోటు కలదు. రాజ్యాంగపు 74వ సవరణ 1993లో అమలునకు వచ్చి, మూడు లక్షలు, ఆపైని జనసంఖ్య గల పురములలో వార్డు కమిటీలుండవలెనని చెప్పినది. శ్రీకాకుళము ఆ సంఖ్యకు చాల దూరము.

గ్రంథాలయ చందాదారులు వెదకి చూడదగిన పద్దు ఒకటి కలదు. 1960 నాటి ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయముల చట్టము క్రింద పురపాలక సంఘములును పంచాయతీలును ఇంటి పన్నుతోపాటు గ్రంథాలయ సెస్సు వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ కట్టవలెను. రేటు పన్ను రూపాయికి 8 పైసలు. ఆ పైకము ఊరి సొమ్ము కాదు; చేతిలో నుంచుకొన్న పరుల సొమ్ము. ఆయినను రాష్ట్రమున పలుచోట్ల బకాయిలు పేరుకొని, పుస్తకములు కొనవలసిన ఏట పుస్తకములు కొనబడకపోవుట కలదు. శ్రీకాకుళపు గొప్ప గ్రంథాలయ మొకటి ఈ సెస్సును నమ్ముకొనలేదు: కాళీపట్నము రామారావుగారు తమకు వచ్చిన పురస్కారపు ధనముతో 1997 ఫిబ్రవరి 22న తెఱచిన కథానిలయము. తెలుగు కథలు వెదకువారు దూరదేశములనుండి దానికొఱకు ఈ యూరికి వచ్చుచున్నారు. 2021లో రామారావుగారు గతించిన పిమ్మటను అది నడచుచున్నది. అట్టి దాతలు ఊరూర పుట్టరు గనుక, తక్కిన ఊళ్లకు 8 పైసలే గతి.

పట్టణపు బడ్జెటు రహస్యము కాదు. 2005 నాటి సమాచార హక్కు చట్టము, అడుగకముందే ప్రతి ప్రభుత్వ కార్యాలయమును తన బడ్జెటును, తలపెట్టిన ఖర్చులను ప్రకటింపవలెనని 4వ సెక్షనున చెప్పినది. ప్రకటింపనిచోట స్వల్ప రుసుముతో దరఖాస్తు చేసి తెప్పించుకొనవచ్చును. తెప్పించుకొన్నవారు మొదట చూడవలసినది మొత్తములను కాదు. ఎడమ వైపున గత ఏటి అంచనా, దాని ప్రక్కన నిజముగ అయిన ఖర్చు, కుడి వైపున రాబోవు ఏటి అంచనా యుండును. ఒకే కాలువ మూడేండ్లు వరుసగా కుడి వైపున కనబడి, ఒక్క యేడైనను నడిమి గడిలోనికి రాకున్నచో ఆ కాలువ యింకను కాగితముమీదనే పాఱుచున్నదన్నమాట. పిమ్మట గ్రంథాలయ సెస్సు పద్దునకు రావలెను: వసూలైనదెంత, జమ కట్టినదెంత, బకాయి యెంత. ఆ మూడంకెలు ఏ ఊరివైనను ఒక్క కాగితమున వ్రాసి గ్రంథాలయపు గోడకు అంటించుటకు పెద్ద ఖర్చు కాదు.