ఇస్తాంబులు నగరపు గొప్ప బజారు

ఇటలీ దేశపు రచయిత ఎడ్మొండో దె అమిచిస్ 1874లో ఇస్తాంబులు నగరమునకు పోయెను. అచ్చటి గొప్ప బజారును వెలుపలినుండి చూచినవానికి లోపలి సంగతి యేమియు బోధపడదని యాతడు వ్రాసెను. కనబడునవి రాతిగోడలు, పైని గుమ్మటములు, అంతియే. ద్వారము దాటినంతనే కమానుకప్పుల క్రింద వీథులు చీలి చీలి పోవుచు నొక పట్టణమే యెదుట నిలుచును. చెప్పులకొక వీథి, నగలకొక వీథి, బట్టలకొక వీథి. వర్తకులు పలుభాషలలో నాతనిని పిలుచుచుండిరి.

ఇంత సొమ్ము ఒక్కచోట చేరినప్పుడు దానికి కాపుదల యెట్లు? బజారు నడుమ 'బెదెస్తెను' అను బలమైన కట్టడము కలదు. 1453లో నగరమును జయించిన రెండవ మెహ్మదు సుల్తాను కొలది యేండ్లకే దీనిని కట్టింప నారంభించి, దీని యద్దెలను మసీదుగా మారిన హాగియా సోఫియా పోషణమునకు ఏర్పరచెను. రాత్రులయందు తలుపులు మూసి కావలివారు కాచెడివారు. బ్యాంకులు లేని కాలము గదా! కలవారు తమ ధనమును ఇందే దాచుకొనెడివారు.

1591లో ఇచ్చటనే 30,000 బంగారు నాణెములు మాయమయ్యెను. రెండు వారములు బజారు మూతపడెను. అనుమానితులను చిత్రహింసల పాలుచేసిరి. వారిలో నిరపరాధు లెందరో యూహించుకొనుడు. తుదకు చాపక్రింద సొమ్ము దొరకెను. దొంగ కస్తూరి యమ్ముకొను పారసీక యువకుడు. మూడవ మురాదు సుల్తాను కలుగజేసికొని, హింసించి చంపక వానిని ఉరితీయించెనట! దీనిని దయ యనుటకు నాకు నోరాడదు.

1894 నాటి భూకంపమున బజారు మిక్కిలి దెబ్బతిని, పిమ్మట బాగుచేయబడెను. బెదెస్తెను నేటికిని నిలిచియున్నది. ఇప్పుడందు పాతవస్తువులును నగలును అమ్ముచున్నారు.