తోటలో చిన్న ట్రాక్టరు – దాని వెనుక పనిముట్లు

పండ్లతోట పెట్టినవారికి వానకాలము వచ్చినదంటే గడ్డితోనే పోరాటము. నిన్నటి కరీంనగరు జిల్లాలోని జగిత్యాల మామిడి రైతులైనా, నిన్నటి ఆదిలాబాదు జిల్లాలోని మంచిర్యాల, నిర్మల్ వైపు తోటలవారైనా నన్నడిగే ప్రశ్న ఒక్కటే: "సారూ, చిన్న ట్రాక్టరు ఏది కొనాలె?" ట్రాక్టరు సంగతి తరువాత. దాని వెనుక ఏమి కట్టదలచినారో ముందు తేల్చుకొనండి. ఇట్లా ఎందుకంటున్నానో తెలియాలంటే కొంత వెనుకటి కథ చెప్పవలె.

సిరిసిల్ల మరమగ్గాలవారికి ఈ కథ నచ్చుతుంది. గడ్డి కోసే యంత్రము పుట్టినది పొలములో కాదు, బట్టల మిల్లు దగ్గర. ఇంగ్లండులో స్ట్రౌడ్ అను ఊరివద్ద ఎడ్విన్ బడ్డింగ్ అనే పనిమంతుడు, ఉన్నిగుడ్డ మీద లేచిన నూగును కత్తిరించే యంత్రమును చూచి, గడ్డిని మాత్రం ఇట్లా కత్తిరించరాదా అనుకొన్నాడు. 1830లో పేటెంటు పొందినాడు. అది మనిషి తోసే యంత్రము. 1902లో రాన్సమ్స్ కంపెనీ పెట్రోలు ఇంజనుతో నడిచే దానిని అమ్మకానికి తెచ్చినది. అయితే ఆ కత్తులు చదును నేల మీది పొట్టి గడ్డికే పనికివచ్చును. మన తోటల్లో మోకాలెత్తు గడ్డి, నడుమ రాళ్లు, పుట్టలు! వీటికి నేలకు సమముగా గిరగిర తిరిగి నరికే కత్తి కావాలె. దానినే స్లాషరు అంటున్నాము.

రోటవేటరు కథ వేరు. 1912లో ఆస్ట్రేలియాలో క్లిఫర్డ్ హోవర్డ్ అనే రైతుబిడ్డ, తండ్రి పొలములోని ఆవిరి ట్రాక్టరు ఇంజనుతో తిరిగే పారలను నడిపి చూచినాడు. మొదట అవి మట్టిని పక్కలకు విసిరివేసేవి. కత్తులను ఎల్ అక్షరము ఆకారములో వంచిన తరువాత పని కుదిరినది. 1920లో పేటెంటు వచ్చినది. మీ ఊరి రోటవేటరు కింద వంగి చూడండి, అవే వంపు కత్తులు.

అన్నిటికంటె పెద్ద మలుపు ఐర్లండువాడైన హారీ ఫెర్గూసన్‌ది. అంతకుముందు ట్రాక్టరు వెనుక నాగలిని ఎడ్లకు కట్టినట్లే గొలుసుతోనో కడ్డీతోనో కట్టేవారు. కర్రు రాతికి తగిలితే ట్రాక్టరు ముందుభాగము లేచి డ్రైవరు మీదికి తిరగబడేది. ఎందరో ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఫెర్గూసన్ 1920ల నుండి పట్టుబట్టి, నాగలిని మూడుచోట్ల బిగించి హైడ్రాలిక్ శక్తితో ఎత్తి దించే ఏర్పాటు చేసినాడు. 1939లో అది ఫోర్డు ట్రాక్టర్లకు ఎక్కినది. ఈ ఏర్పాటులో నాగలి బరువు, మట్టి లాగుడు కలిసి వెనుక చక్రాలను నేలకు అదిమిపెడతాయి. అందుచేత తేలిక ట్రాక్టరు గూడ బరువు పని చేయగలిగినది. మన దేశములో 1959లో ఫరీదాబాదులో ఐషర్ ట్రాక్టరు, ఆ తరువాత మద్రాసు టాఫే ద్వారా మాసీ ఫెర్గూసన్ వచ్చినవి. ఆ ఫెర్గూసన్ ఈయనే సుమా.

ఒక సంగతి దాచకుండా చెప్పెదను. ఉద్యోగములో చేరిన కొత్తలో ఒక మామిడి రైతు చేత ఆయన పెద్ద ట్రాక్టరుకు రోటవేటరు కొనిపించినాను. ఏటవాలు చెల్క నేల. ప్రతి వానకాలమూ రెండు మూడు మార్లు తిప్పినాడు. గడ్డి పోయినది, తోట అద్దములాగ మెరిసినది, నేనూ మురిసినాను. మూడేండ్ల తరువాత ఆయన నన్ను పిలిచి, "సారూ, గడ్డి పోయింది గని చెట్లు గూడ పోతున్నయి" అన్నాడు. వాన వచ్చినప్పుడల్లా గుల్ల మట్టి వాగులోకి జారినది. మామిడికి మేత తెచ్చే సన్నవేళ్లు పైమట్టిలోనే ఎక్కువగా ఉంటాయి గదా, వాటిని కత్తులు తెంచినవి. అడుగున గట్టి పొర ఏర్పడినది. పైన ట్రాక్టరు తగిలి కొమ్మలు విరిగినవి. తప్పు నాది.

ఇప్పుడు నేను చెప్పేది ఇది: పెద్ద తోటలో గడ్డిని పెకిలించక, నరికి అక్కడనే పరచండి. స్లాషరు వెడల్పు ట్రాక్టరు చక్రాల బయటి అంచులను దాటవలె, లేకున్న చక్రము తొక్కిన గడ్డి మళ్లీ లేస్తుంది. పీటీవో నిమిషానికి 540 చుట్లు తిరిగే ఇరుసు. దానిపై మూత లేని బండిని కొనవద్దు. కండువా కొస చిక్కితే మనిషిని వదలదు. రెండు మూడెకరాల తోటకైతే కొనుటకంటె కిరాయే మేలని నా అభిప్రాయము.

ఆ రైతు పోయిన ఏడు చిన్న ట్రాక్టరు కొనబోతూ, తన తోటలో అన్నిటికంటె కిందికి వాలిన కొమ్మ ఎత్తుకు ఒక వెదురుకర్రను నరికి వెంట తీసుకుపోయినాడు. షోరూమువారు నవ్వినారట. ఆయన మూడు బండ్లను కర్రతో కొలిచి వదిలి, నాలుగవది కొన్నాడు.