ఆముదపు గింజయు నూనె విభజనయు

నూనెను కొవ్వు ఆమ్లములుగను గ్లిసరినుగను విడదీయుటకు సబ్బు కర్మాగారములు తీవ్రమైన వేడిని వాడుచుండగా, 1902లో జర్మనీయందు కాన్‌స్టైన్, హోయర్, వార్టెన్‌బర్గ్ అను మువ్వురు ఆముదపు గింజయే చాలునని చూపిరి. పాలమూరు, నల్లగొండ మెట్టచేలలో మనమెరిగిన గింజయే అది! దానిని నూరి, నూనెతోను కొంచెము ఆమ్లము చేర్చిన నీటితోను చిలికి, గోరువెచ్చగా ఉంచిరి. గింజలోని లైపేజు అను ఎంజైము నూనెను విడదీసెను. అయితే నూనెకును నీటికిని నడుమ చిక్కని మడ్డి నిలిచి, ఎంజైము అందు చిక్కుపడి వృథాయయ్యెడిది. చిక్కంతయు అచ్చటనే.

1916లో అమెరికాలో నెల్సన్, గ్రిఫిన్ అనువారు, చక్కెరను విడదీయు ఇన్వర్టేజు బొగ్గునకు అంటుకొనియు పనిచేయుట గమనించిరి. 1969లో జపానునందు చిబాటా బృందము అట్లు నిలిపిన వేరొక ఎంజైమును కర్మాగారమున ప్రవేశపెట్టెను. పిమ్మట లైపేజును సైతము రేణువులపై నిలిపి, నూనెను వానిమీదుగా పారించి, మరల మరల వాడసాగిరి. ఆవిరి పద్ధతికి సుమారు 250 డిగ్రీలు కావలెను. దీనికి 40 చాలును. ఎంజైము వెల హెచ్చగుటచే పెద్ద కర్మాగారములు మాత్రము నేటికిని ఆవిరినే నమ్ముకొనియున్నవి.