సైబరాబాద్‌లో చిన్న స్థలం, మూడు తరాల ఇల్లు

తెలంగాణలోని పాత భవంతి ఇంటిని మీలో కొందరైనా చూసి ఉంటారు. నడుమ ఆకాశానికి తెరిచిన వాకిలి, చుట్టూ అర్రలు. గాలీ వెలుతురూ లోపలి నుంచే వచ్చేవి కనుక పక్కింటి గోడ ఆనుకొని ఉన్నా ఇబ్బంది ఉండేది కాదు. ముసలివారు సాయబానులో మంచం వేసుకుంటే ఇంట్లో జరిగేదంతా వారి కళ్ళ ముందే జరిగేది.

మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి ఒకప్పుడు గ్రామాలే. 1998 నవంబరు 22న ప్రధాని వాజపేయి సైబర్ టవర్స్‌ను ప్రారంభించారు. 2001లో సైబరాబాద్ అభివృద్ధి సంస్థ ఏర్పడింది, 2008లో అది హెచ్ఎండీఏలో కలిసిపోయింది. పొలాలు ప్లాట్లయ్యాయి. నేల ధర పెరిగేకొద్దీ కుటుంబం పక్కకు కాక పైకి విస్తరించింది.

ఇక్కడ ఒక లెక్క చూద్దాం. 30 అడుగుల వెడల్పు, 45 అడుగుల పొడవు ఉన్న స్థలం 150 గజాలు. 2012 నాటి భవన నిబంధనల (జీవో 168) ప్రకారం ఇంత స్థలంలో, 12 మీటర్లకు మించని రోడ్డుపై, ముందు 1.5 మీటర్లు, మిగతా మూడు వైపులా ఒక్కో మీటరు వదలాలి. అంతస్తుకు మిగిలేది సుమారు 860 చదరపు అడుగులు. ఎత్తు 10 మీటర్లు దాటరాదు.

గమనించండి: ఖాళీ స్థలం పోలేదు, ఇంటి నడుమ నుంచి అంచులకు జరిగింది. ఇరువైపులా మూడంతస్తులు లేచాక ఆ మీటరు సందు నుంచి కింది గదికి వచ్చే వెలుతురు ఎంతో మీరే ఊహించవచ్చు. మెట్ల పక్కన చిన్న జాగా పైకప్పు దాకా తెరిచి ఉంచితే కొంత మేలు. కానీ గజం ధర తెలిసిన యజమాని దానికి సులభంగా ఒప్పుకోడు.

అసలు తగవు కింది అంతస్తు దగ్గర వస్తుంది. దాన్ని కారుకో, అద్దెకో ఇచ్చేస్తే పెద్దవారు పైకెక్కాలి. అంతస్తుకు 18, 20 మెట్లు. లిఫ్టు పెడితే ఒక చిన్న గదంత చోటు పోతుంది. మా అమ్మను మేము రెండో అంతస్తులోనే ఉంచాం. మోకాళ్ళ నొప్పులు మొదలయ్యాక ఆమె వీధి ముఖం చూడటం పండుగలకే పరిమితమైంది. ఈ పాఠం రాస్తుంటే అదే గుర్తొస్తోంది. కింద ఒక గది, దాన్ని ఆనుకొని స్నానాలగది, చక్రాల కుర్చీ పట్టే తలుపు ఉంటే చాలేది. కారు బయట నిలిచేది.

అభ్యాసం: మీ తాతల నాటి ఇంటి నమూనా, ఇప్పుడు మీరుంటున్న ఇంటి నమూనా గీయండి. ఇంట్లో అందరికన్నా పెద్దవారు పగలు ఎక్కడ కూర్చునేవారో, ఇప్పుడెక్కడ కూర్చుంటున్నారో రెండింటిలోనూ గుర్తించండి.